మట్టిలోంచి పలికిన అంకె

వాన పడే సాయంత్రాల్లో మ్యూనిక్ ఎస్-బాన్‌ లోకల్ రైల్లోకి ఎవరో ఒకరు తడిసిన కుక్కతో ఎక్కుతారు. అది రెండు సీట్ల మధ్య నిలబడి ఒకసారి ఒళ్లు విదిలించుకుంటుంది, పక్కవాళ్లు కోట్లు సర్దుకుంటారు, కుక్కను పట్టుకున్నాయన తలవంచి ఏదో గొణుగుతాడు. ఆ తడి వెంట్రుకల వాసన ముక్కుకు తగలగానే దాని వెనక రావలసిన వాసనలన్నీ నాకు వరసగా వచ్చేస్తాయి: నేల తుడిచే మందు, రబ్బరు చాప, ఆవిరి పెట్టెలోంచి అప్పుడే తీసిన కత్తెరలు, ఎండుగడ్డి, భయపడ్డ పిల్లి బుట్టలో వదిలిన తడి. దిగవలసిన స్టేషన్ దాటిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

పోయిన నెల ఇక్కడి తెలుగువాళ్ల సమావేశంలో మూఢనమ్మకాల మీద మాట్లాడి కూర్చున్నాను. కొత్తగా చదువుకు వచ్చిన ఒక అబ్బాయి పక్కకు వచ్చి, గది తాళాలు ఇచ్చే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, శుక్రవారం పదకొండింటికి దొరికిందని, అది రాహుకాలమని, వాయిదా అడిగితే బాగుంటుందా అని అడిగాడు. వాయిదా వేస్తే గది ఇంకొకరికి పోతుందని, రాహువుకు మాత్రం పోయేదేమీ లేదని చెప్పాను. అతను నవ్వేసి, "మీకెప్పుడూ భయమెయ్యలేదా అక్కా, చిన్నప్పుడైనా?" అన్నాడు. వేసింది. ఆ భయం సంగతి ఇన్నేళ్లుగా ఏ వేదిక మీదా చెప్పలేదు, ఎందుకంటే అందులో తప్పు చేసింది మా అమ్మ.

మేముండేది హానోవర్‌కు దక్షిణాన, అరగంటకొక రైలు ఆగే చిన్న ఊరు. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పొద్దున్నే ఆ రైలెక్కి పోయేవాడు. అమ్మ పశువుల డాక్టరు. కరీంనగర్ దగ్గరి పల్లెల్లో నాలుగేళ్లు పనిచేసి, మోకాలి లోతు బురదలో నిలబడి, ఈనలేని బర్రె కడుపులో భుజందాకా చెయ్యి పెట్టి దూడను తిప్పి బయటికి లాగిన మనిషి. జర్మనీకి వచ్చాక ఆ చదువంతా పెట్టెలో మడిచిపెట్టిన కాగితమైంది. ఇక్కడి భాష నేర్చి, ఇక్కడి పరీక్షలు రాసి, ఇక్కడి డాక్టరొకరి దగ్గర కొన్నేళ్లు చేతికింద పనిచేసి, ఆ డాక్టరు సంతకం పెట్టిన లేఖ తెస్తే తప్ప ఆమెను మళ్లీ డాక్టరని పిలవరు. అట్లా ఆమె చేరిన చోటు డాక్టర్ రైమర్స్ అనే ఆవిడ నడిపే చిన్న పశువైద్యశాల. అందరిలాగే మేమూ దాన్ని ప్రాక్సిస్ అనేవాళ్లం. ఎర్ర ఇటుకల ఇల్లు, కింద వైద్యం, పైన ఆవిడ కాపురం. ఆవిడకు అరవై దగ్గరపడ్డాయి, చేతులు గట్టివి, మాటలు తక్కువ. బడి అయ్యాక నన్ను చూసుకునే చోటు ఊళ్లో దొరకనందువల్ల మధ్యాహ్నాలూ సెలవులూ నేను ఆ ఇంటి వెనక గదిలోనే, మందుల అలమర పక్కన ఒక ముక్కాలి పీట మీద పెరిగాను.

కాలాలు మారడం నాకు ఆకుల వల్ల కాక, వచ్చే జంతువుల వల్ల తెలిసేది. చలికాలం ముందు, చక్కెర దుంపల లారీలు ఊరి రోడ్డంతా బురద చేసి ఆ తీపి కుళ్లు వాసన కిటికీల దాకా వచ్చే రోజుల్లో, పిల్లలు అట్టపెట్టెల్లో అరచేతిలో పట్టేంత చిట్టి ముళ్లపందులను తెచ్చేవాళ్లు. వాటిని వంటింటి తూకంలో పెట్టి, చలికి తట్టుకునేంత కొవ్వు పట్టిందా లేదా చూసి, పట్టనివాటికి ఉడికిన గుడ్డు పెట్టేవాళ్లు. కొత్త సంవత్సరం మరునాడు టపాకాయల చప్పుడుకు వణికి వణికి నోట నురగ కట్టిన కుక్కలు. వసంతంలో కొట్టాల్లో పుట్టిన పిల్లికూనలు, కళ్లకు పుసులతో. ఎండాకాలం పిడుదులు, గూళ్లలోంచి పడిన పిచ్చుకలు, పిల్లలు బెల్లం ముక్కలా ముద్దుచేసి తినరానివన్నీ పెట్టి కడుపు ఉబ్బించిన కుందేళ్లు. నా స్నేహితురాలు యూలె, నేను ప్రాక్సిస్ వెనక వాకిట్లో కాళ్లకు ఎలాస్టిక్ తాడు చుట్టుకుని గెంతే ఆట ఆడేవాళ్లం. లోపలినుంచి ఏ జంతువైనా అరిస్తే తాడు మీద నిలబడిపోయి, అది ఆగేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లం. ఆగినప్పుడు ఏ కారణం వల్ల ఆగిందో మాకు తెలిసేది కాదు.

బతుకమ్మ పండుగకు ఆ ఊళ్లో తంగేడు ఎక్కడిది? గునుగు ఎక్కడిది? వాటికి బదులు మాకు కెల్లర్ అవ్వ ఉండేది. ఊళ్లో అందరికీ ఫ్రౌ కెల్లర్, అంటే కెల్లర్ గారు. ఇంట్లో మేం మాత్రం అవ్వ అనే అనేవాళ్లం. భర్త పోయి ఒంటరిగా ఉండేది. ప్రాక్సిస్‌కు రెండు సందుల అవతల ఆమె తోటలో, చలి పడేముందు, పళ్లేలంత డేలియా పూలు పూసేవి. అమ్మ అడగకముందే వాటిని బకెట్ నిండా కోసి తెచ్చి, అమ్మ పళ్లెంలో వలయాలుగా పేరుస్తుంటే కుర్చీ లాక్కుని కూర్చుని చూసేది. నువ్వులసద్ది, పల్లీలసద్ది ముద్దలు అరచేతిలో పెట్టుకుని, పొడి రాలకుండా రెండో చెయ్యి కింద పట్టి తినేది. ఒకతే కూతురు, ఎక్కడో దూరాన, వస్తే వచ్చేది లేకపోతే లేదు. కెల్లర్ అవ్వ రోజంతా మాట్లాడేది తన పిల్లి మోరిట్స్‌తోనే.

ఆ మోరిట్స్‌కు శరీరంలో చిప్ పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. నాకు తొమ్మిదేళ్లు, ఎండాకాలం సెలవులు, శుక్రవారం. చిప్ అంటే బియ్యపు గింజంత గాజు గొట్టం. లావు సూదితో మెడ వెనక చర్మం కిందికి ఎక్కిస్తారు. దానికి ఒక పొడవాటి అంకె ఉంటుంది. రీడర్ అనే పరికరం దగ్గరికి తెస్తే కీచుమని ఒక్కసారి మోగి, ఆ అంకె దాని తెర మీద కనిపిస్తుంది. పిల్లి తప్పిపోయి ఎక్కడ దొరికినా ఆ అంకెను బట్టి యజమానిని పట్టుకోవచ్చు. ఆ రోజు ఒకే కొట్టంలో, ఒకే తల్లికి పుట్టిన రెండు బూడిదరంగు చారల పిల్లికూనలు వచ్చాయి. ఒకటి కెల్లర్ అవ్వది, మోరిట్స్. రెండోది యూలె వాళ్లది, టిమ్మి. పదిన్నర దాటాక రెండు బుట్టలూ అప్పగించి, సాయంత్రం వచ్చి తీసుకుపోతామని యజమానులు వెళ్లిపోయారు. డాక్టర్ రైమర్స్ అవతలి గదిలో ఒక కుక్కకు ఆపరేషన్ మొదలుపెడుతూ, ఈ రెండూ నువ్వే చెయ్యి అంది అమ్మతో. ఈ దేశంలో అమ్మ తన చేత్తో, పక్కన ఎవరూ లేకుండా పెట్టబోయే మొదటి సూది అది.

ఆ ప్రాక్సిస్‌లో ఒక కట్టడి ఉండేది. బల్ల మీద ఒక్క జంతువే ఉండాలి. దాని సూదిని పొట్లంలో ఉండగానే రీడర్‌తో చదవాలి, దానితో వచ్చిన అంకె స్టిక్కర్ దాని టీకాల పుస్తకంలోనే అంటించాలి, సూది వెయ్యాలి, మళ్లీ చదవాలి. అప్పుడే రెండో బుట్ట మూత తెరవాలి. అమ్మకు అది కంఠతా వచ్చు. కానీ ఆ పొద్దున ఆమె గోడ గడియారం వంక చూసింది. మా వంటింట్లో కరీంనగర్ నుంచి వచ్చిన క్యాలెండర్ ఉండేది. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. మొదటి సూది ఆ వేళలో వెయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఖాళీగా కూర్చుంటే బాగుండదని ముందుగా కాగితాల పని పెట్టుకుంది. రెండు పుస్తకాలూ తెరిచి, రెండు పేర్లూ రాసి, రెండు స్టిక్కర్లూ అంటించి, ఏ సూది పొట్లాన్ని ఆ పుస్తకం మీదే పెట్టింది. ఇంతలో పంజాకు గాజుపెంకు దిగిన కుక్కను ఎవరో ఎత్తుకొచ్చారు, బల్లంతా నెత్తురు. అమ్మ ఆ రెండు పొట్లాలనూ తీసి గౌను జేబులో వేసుకుంది. కుక్క పని అయ్యేసరికి పన్నెండు దాటింది. చేతులు కడుక్కుని, నెమ్మదించిన ముఖంతో, జేబులోంచి ఒక పొట్లం తీసి ఒక పిల్లికి, రెండోది రెండో పిల్లికి వేసింది. రీడర్ రెండుసార్లూ మోగింది. మోగిందా లేదా అనే చూసింది, ఏ అంకె అని చూడలేదు. నేను పీట మీద కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నాను.

పదిహేనేళ్ల వయసులో కోపంతో ఒక లెక్క వేశాను. రాహుకాలమంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో రోజుకు ఒక్కో ముక్కను చెడ్డదనడం. శుక్రవారానిది నాలుగో ముక్క. జూలైలో హానోవర్ దగ్గర సూర్యుడు అయిదింటికి లేచి రాత్రి తొమ్మిదిన్నరకు పోతాడు. ఆ శాస్త్రం ప్రకారమే చూసినా అక్కడ రాహుకాలం పదకొండుంబావుకు మొదలై ఒంటిగంట దాటేదాకా ఉంటుంది. అంటే అమ్మ మంచి వేళ ఒకటి దాటవేసి, గంటన్నర కాచుకుని, సరిగ్గా రాహుకాలం నడుమన రెండు సూదులూ వేసింది. భయం మనిషిని అంకెల దగ్గర కూడా ఆలోచించనివ్వదు. అందుకే దాని మీద నాకు అంత కోపం.

రెండేళ్లు ఏమీ కాలేదు. నాకు పదకొండేళ్లప్పుడు, అక్టోబరులో, మోరిట్స్ కారు కింద పడింది. కెల్లర్ అవ్వ దాన్ని ఏప్రన్‌లో చుట్టుకుని నడిచొచ్చింది. నడుము విరిగింది, చేయగలిగిందేమీ లేదు. ఆమె ఒళ్లో ఉండగానే డాక్టర్ మందిచ్చి నిద్రపుచ్చింది. నేను వెనక గది తలుపు సందులోంచి చూస్తున్నాను. పిల్లి పక్కటెముకలు ఆడటం ఆగాక డాక్టర్ చెవికి గొట్టం పెట్టుకుని విని, వేళ రాసి, అప్పుడు లేచి కిటికీ బార్లా తెరిచింది. ఏ జంతువు పోయినా ఆవిడ కిటికీ తెరిచేది, ఎముకలు కొరికే చలిలో కూడా. యూలె చెప్పింది, లోపలున్నది బయటికి పోవడానికట. ఆ రోజు తెల్లటి పరదా లోపలికి కాక బయటికి ఉబ్బింది. గాలి ఎటు వీస్తే పరదా అటు పోతుందని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి అమ్మ పక్కన పడుకున్నాను. మోరిట్స్‌ను తువ్వాలులో చుట్టి తోటలో ఎర్ర పళ్లు కాసే రెడ్‌కరెంట్ పొద కింద పాతిపెట్టారు. ప్రాక్సిస్ కంప్యూటర్‌లో దాని పేరు పక్కన డాక్టర్ చిన్న సిలువ గుర్తు పెట్టింది.

ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం, రైల్వే పనివాడొకడు పట్టాల పక్కన దొరికిందని పిల్లినొకదాన్ని తెచ్చాడు. బూడిదరంగు చారలది, ఎముకల గూడు, ఒంటినిండా నల్ల గ్రీజు. ఎవరిదో చూద్దామని డాక్టర్ రీడర్ తెచ్చి మెడ వెనక ఆనించింది. మోగింది. అంకెను కంప్యూటర్‌లో కొట్టింది. నేను గణితం పుస్తకంలోంచి తల ఎత్తేసరికి ఆవిడ కదలకుండా నిలబడి ఉంది. తెర మీద మోరిట్స్ పేరు, కెల్లర్ అవ్వ చిరునామా, పక్కన సిలువ. ఆవిడ రీడర్‌కు కొత్త బ్యాటరీ వేసింది. మళ్లీ అదే. పిల్లిని పక్కకు తిప్పి మూడోసారి చదివింది. మళ్లీ అదే. పిల్లి నోరు తెరిచింది కానీ గొంతు పోయిందో ఏమో, శబ్దం రాలేదు. అమ్మ చేతిలో ఉన్న పాల గిన్నెను బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

ఫోన్ చేసిన పది నిమిషాలకు కెల్లర్ అవ్వ ఇంటి చెప్పులతోనే మంచులో నడిచి వచ్చింది. పిల్లి ఆమె కోటులోకి తల దూర్చింది. ఆమె ఏడవలేదు, ఆశ్చర్యపడలేదు. "నాకు తెలుసు. క్రిస్మస్ నుంచి వెనక తలుపు గీరుతూనే ఉన్నాడు" అంది. డాక్టర్ చాలా నెమ్మదిగా, ఆ రోజు మనం నిద్రపుచ్చింది వేరే పిల్లిని కాదు గదా అని అడిగింది. అవ్వ ఆవిడ వంక జాలిగా చూసి, "నా ఒళ్లో పోయాడు. నా ఒళ్లోకే వచ్చాడు" అని, పిల్లిని తీసుకుని వెళ్లిపోయింది.

రెండు రోజుల్లో ఊరంతా ఆ మాటే. గట్టిగా ఎవరూ అనలేదు, ఆ ఊరివాళ్లు ఏదీ గట్టిగా అనరు. రొట్టెల దుకాణంలో మేం లోపలికి పోగానే మాటలు ఆగేవి. వెయిటింగ్ రూమ్‌లో జనం తమ బుట్టలను కాళ్ల మధ్యకు లాక్కుని కూర్చునేవాళ్లు. ఒకాయన తన ముసలి కుక్కతో గుమ్మం దాకా వచ్చి, కిటికీ వైపు చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కెల్లర్ అవ్వ అందరికీ ఒకటే చెప్పేది: ఇంట్లో అడుగుపెట్టగానే పిల్లి నేరుగా పొయ్యి పక్కన మోరిట్స్ చోటుకే పోయి పడుకుందని, తోటలో పాతిన చోట మట్టి లోపలికి దిగిపోయిందని. చలికి వణికిన ఏ పిల్లైనా పొయ్యి దగ్గరికే పోతుంది. పూడ్చిన ఏ గుంతైనా వానలకు దిగబడుతుంది. ఈ జవాబులు ఇప్పుడు నా వేళ్ల చివర్లో ఉన్నాయి. అప్పుడు మాత్రం బడి నుంచి వస్తూ ఆమె ఇంటి ముందు సందు తప్పించి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని, ఎందుకంటే ఒకసారి ఆమె వంటింటి కిటికీలో కూర్చున్న ఆ పిల్లి, చచ్చినదాని అంకె ఒంట్లో మోస్తూ, నేను నడుస్తున్నంతసేపూ తల తిప్పుతూ నన్నే చూసింది.

యూలెకు మాత్రం భయం లేదు, కోపం ఉంది. వాళ్ల టిమ్మి తప్పిపోయి అప్పటికి మూడు వారాలు. దీపస్తంభాలకు ఆమె అంటించిన బొమ్మల కాగితాలు వానకు కరిగి నీలంగా కారుతున్నాయి. "అది దయ్యం కాదు, మా టిమ్మి. మా అమ్మ వెళ్లి అడిగితే ఆ ముసలావిడ పుస్తకంలో అంకె చూపించింది. కంప్యూటర్ కూడా ఆవిడదే అంటోంది. మరి నా పిల్లి తనెవరో ఎట్లా చెప్పుకుంటాడు?" అంది నాతో, ఎలాస్టిక్ తాడు వేళ్లకు చుట్టుకుంటూ. నా కళ్ల ముందు గౌను జేబు, అందులోకి జారిన రెండు పొట్లాలు.

ఆదివారం పొద్దున కరీంనగర్ నుంచి తాతయ్య ఫోన్ వచ్చేది. ఆయన బడిపంతులు. చేతబడి అన్న చోటికల్లా సైకిలేసుకుని పోయి పదిమంది మధ్య నిలబడి వాదించి, రాళ్ల దెబ్బలు తిన్న మనిషి. నేను జర్మన్‌లో జవాబిస్తే ఫోన్ పెట్టేస్తానని బెదిరించి నాకు తెలుగు నిలిపింది ఆయనే. పిల్లి దొరికాక వచ్చిన రెండో ఆదివారం, వంటింట్లో అమ్మ అటు తిరిగి చపాతీ పిండి పిసుకుతుంటే, "తాతా, సచ్చిన పిల్లి మల్లొస్తదా?" అని అడిగాను. జరిగింది చెప్పమన్నాడు. చెప్పాను, జేబు సంగతి తప్ప.

"పిల్లిని అడిగితే ఏం జెప్తది బిడ్డా," అన్నాడు. "అంకె రాసినోల్లను అడుగు."

ఫోన్ పెట్టేశాను. అమ్మ చేతులు పిండిలో ఆగిపోయి ఉన్నాయి.

"అమ్మా, ఆ రోజు నువ్వు గడియారం దిక్కు ఎందుకు సూసినవ్?"

ఆమె వెనక్కి తిరగలేదు. "నాకు ఎరికనే బిడ్డా. రైల్వే ఆయన తెచ్చిననాడే, ఆ నంబరు మోగంగనే ఎరికైంది."

పది రోజులుగా ఆమె అన్నం సరిగా తినకపోవడం, నాన్నతో కూడా మాట్లాడకపోవడం అప్పుడు అర్థమైంది. మార్చి నెలలో డాక్టర్ రైమర్స్ ఆమె లేఖ రాసి సంతకం పెట్టాలి. ఆ ఒక్క లేఖ కోసం ఆరేళ్లుగా నేలలు తుడిచింది, బోన్లు కడిగింది, తనకంటే తక్కువ చదివినవాళ్ల చేత పని చెప్పించుకుంది. "ఏమని జెప్పాలె నేను? రాహుకాలమని జెప్పాలెనా? గిన్నేండ్లు సదివి, గ్రహాల కోసం సూది ఆపిననంటే రేపటి సంది నాకు గొడ్డును ముట్టనిస్తరా?" అంది. గొంతు పెరగలేదు, పిండి చేతులతోనే ముఖం తుడుచుకుంది.

నాకు ఆమె మీద జాలి కలగలేదు. పదకొండేళ్ల పిల్లకు న్యాయం చాలా సులువుగా కనిపిస్తుంది. "నువ్వు జెప్పకుంటె నేను జెప్త" అన్నాను.

సోమవారం బడి కాగానే పరుగెత్తుకుంటూ పోయాను. నా కోసమే ఆగిందో, ధైర్యం చిక్కక ఆగిందో, అమ్మ అప్పుడే డాక్టర్ గది తలుపు కొట్టింది. రాహువు గురించి జర్మన్‌లో చెప్పడం నేను విన్నాను. సూర్యుణ్ని మింగే ఒక నీడ ఉంటుందని, దానికి రోజుకు గంటన్నర సమయం కేటాయించారని, ఆ గంటన్నరలో మంచి పని మొదలుపెట్టకూడదని. చెప్తున్నకొద్దీ అమ్మ గొంతు తగ్గిపోయింది. డాక్టర్ అడ్డురాలేదు. అంతా విన్నాక, బల్ల మీదున్న రీడర్‌ను తన వైపు లాక్కుంది.

"నేనూ కిటికీ తెరుస్తాను," అంది చివరికి డాక్టర్. "కానీ రాయవలసింది రాశాకే తెరుస్తాను."

అమ్మ తల దించుకుంది. ఆవిడ మాత్రం లేచి బూట్లు వేసుకుంటోంది. రెండు సూదులూ తారుమారై ఉండవచ్చని చెప్తే ఫ్రౌ కెల్లర్ నమ్మదు, ఆమె చోట ఉంటే నేనైనా నమ్మను, తెలుసుకునే దారి ఒక్కటే ఉంది అని, వెనక కొట్టంలోంచి పార తీసింది.

మూడు గంటలైనా మంచుతెర విడలేదు. తోట చివరి కంచె కనిపించడం లేదు, ఎండిన డేలియా కాడలు మసక వెలుతురులో ఎవరో నిలబడి మరిచిపోయిన కర్రల్లా ఉన్నాయి. డాక్టర్ కెల్లర్ అవ్వతో గుమ్మంలో రెండు నిమిషాలు మాట్లాడింది. అవ్వ వద్దనలేదు. మీకే తెలుస్తుంది, అక్కడ ఏమీ ఉండదు అని మాత్రం అంది. వంటింటి కిటికీ తెరిచి, పిల్లిని ఎత్తుకుని అందులో నిలబడింది. డాక్టర్ తవ్వింది, అమ్మ రీడర్ పట్టుకుంది. పైన నేల గడ్డకట్టి పార కణేల్‌మంటోంది. ఒక పొర తీశాక అమ్మ వంగి రీడర్‌ను మట్టి మీద నెమ్మదిగా నడిపించింది. నిశ్శబ్దం. ఇంకో పొర. నిశ్శబ్దం. నాకు ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కంటే ఎక్కువే, అవ్వ మాటే నిజమనిపించింది. గుంత ఖాళీ అని, ఆ కిటికీలో ఉన్నది మాకు తెలిసినది కాదని, ఇప్పుడు అది నోరు తెరిస్తే పిల్లి గొంతు రాదని. మూడో పొర తీసి పార పక్కన పెట్టారు. ఇంకా తువ్వాలు కనిపించలేదు, మట్టి తప్ప ఏమీ లేదు. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని రీడర్ ఆనించింది.

మట్టిలోంచి మోగింది.

ప్రాక్సిస్‌లో రోజుకు పదిసార్లు వినే కీచు శబ్దమే అది. కానీ అక్కడ ప్రతిసారీ దాని కింద వెచ్చటి మెడ ఒకటి ఉండేది, శ్వాస ఉండేది. ఇక్కడ కింద ఏమీ కదలడం లేదు, అయినా పిలిస్తే పలికింది. నా మెడ వెనక, సరిగ్గా చిప్ పెట్టే చోట, చర్మం బిగుసుకుంది. డాక్టర్ అంకెను ఒక్కొక్కటిగా చదివింది, అమ్మ యూలె వాళ్లింటి నుంచి తెచ్చుకున్న టిమ్మి పుస్తకంలోని స్టిక్కర్ మీద వేలు జరుపుతూ ప్రతి అంకెకూ తల ఊపింది. చివరి అంకె దాకా.

"ఉన్నాడా?" అంది కిటికీలోంచి కెల్లర్ అవ్వ.

అమ్మ లేచింది. మోకాళ్లకు మట్టి. "ఉన్నాడు ఫ్రౌ కెల్లర్. మోరిట్స్ ఇక్కడే ఉన్నాడు. తప్పు నాది."

అవ్వ తన చేతుల్లోని పిల్లి వంక చూసింది. అది ఆమె గడ్డం కింద తల రుద్దుతోంది. దాన్ని కొంచెం దూరంగా పట్టుకుని, ముఖంలోకి చూసి, చాలా మెల్లగా, "మరి ఇదెవరు?" అంది. మేం ముగ్గురం గుంత చుట్టూ నిలబడి ఉన్నాం.

ఆమె ఆ సాయంత్రమే పిల్లిని దువ్వి, బుట్టలో పెట్టి, ఎవరి సాయమూ వద్దని తనే యూలె వాళ్లింటికి మోసుకుపోయి ఇచ్చి వచ్చింది. టిమ్మి తప్పిపోకముందు కూడా రెండు సందులు దాటి మోరిట్స్ గిన్నెలో మిగిలింది తినడానికి వచ్చేవాడని తర్వాత తెలిసింది. వెనక తలుపు గీరింది వాడే కావచ్చు. ఊరు వారం రోజుల్లో వేరే మాటల్లో పడింది. మార్చిలో డాక్టర్ లేఖ రాసింది. అందులో రెండు పిల్లుల సంగతి, కట్టడి తప్పడం, దాని కారణం, ఏదీ దాచలేదు. కింద ఒక్క వాక్యం కలిపింది: ఈ తప్పును కనిపెట్టింది, నా దగ్గరికి వచ్చి చెప్పింది ఈమే. అమ్మ దాన్ని వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమెంతట ఆమె వచ్చి చెప్పిందని డాక్టర్ అనుకుంది. నేను బెదిరించిన సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు, ఇప్పటికీ. ఆ ఏడాది చివర్లో ఆమెను మళ్లీ డాక్టరన్నారు.

ఇంతవరకూ ఇది నా ఉపన్యాసాలకు పనికొచ్చే కథే. తర్వాతది పనికిరాదు.

ఆ వసంతం నుంచి కెల్లర్ అవ్వ ప్రతి గురువారం మధ్యాహ్నం ప్రాక్సిస్‌కు రావడం మొదలుపెట్టింది. శుభ్రంగా తల దువ్వుకుని, కోటు గుండీలు పెట్టుకుని, పిల్లి బుట్ట పట్టుకుని. బుట్ట ఖాళీ. దాన్ని ఒళ్లో పెట్టుకుని వెయిటింగ్ రూమ్‌లో కుక్కల మధ్య, కుందేళ్ల మధ్య కూర్చునేది. మొదటిసారి చూసినప్పుడు నాకు తోటలో కంటే ఎక్కువ భయం వేసింది. పక్కన కూర్చున్న కుక్క ఆ బుట్ట జాలీని వాసన చూసి, లోపల ఏదో ఉన్నట్టే తోక ఆడించింది. నేను లోపలికి పోయి, పిల్లి లేదుగదా, ఆమెను ఇంటికి పొమ్మని ఎవరన్నా చెప్పాలి అన్నాను. అమ్మ నా వంక చూసిన చూపు మరిచిపోలేను. టెర్మిన్ల పుస్తకంలో గురువారం మూడున్నర దగ్గర కెల్లర్ అని తన చేత్తో రాసింది. వరస వచ్చినప్పుడు అందరిని పిలిచినట్టే తలుపు తీసి పేరు పిలిచింది, బుట్ట తను అందుకుంది, లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. పావుగంట. లోపల ఏం జరిగేదో, ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. ఒకసారి తలుపు దగ్గర నిలబడి విన్నాను, ఏమీ వినిపించలేదు. డాక్టర్ రైమర్స్ ఆ పావుగంట వేరే ఎవరికీ ఇవ్వనిచ్చేది కాదు. అది మూడేళ్లు సాగింది, కెల్లర్ అవ్వ పోయేదాకా.

నేను ఆ మట్టిని మళ్లీ తవ్వమంటే తవ్వుతాను. యూలె పిల్లి యూలెకే పోవాలి, చచ్చినది రాదు, ఈ మాటల్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ నిజం చెప్పించి ఇంటికి పోయినదాన్ని నేను, ఆ తర్వాతి గురువారాలన్నీ చేసింది మా అమ్మ. మనం ఎవరి నమ్మకం లాగేసుకున్నామో ఆ మనిషి పక్కన కూర్చోవడం కూడా మన పనేనని మా సభల్లో ఎవరూ అనగా వినలేదు, నేనూ అనలేదు.

అమ్మ ఇప్పుడు హైడెల్‌బర్గ్ దగ్గర ఇంకొక చోట చేస్తోంది. డాక్టర్ రైమర్స్ పని మానేశాక ఆ ఇటుకల ఇల్లు ఏదో పెద్ద సంస్థ కొనుక్కుంది. ఎదుట మనిషి కూర్చుని పెన్నుతో రాసే పుస్తకం పోయింది, టెర్మిన్లు ఇప్పుడు ఫోన్‌లోనే. ఆ అబ్బాయి ప్రశ్న అడిగిన రాత్రి నేను ఊరికే ఆ సంస్థ పేజీ తెరిచాను. గురువారం, మూడున్నర, ఖాళీ ఉంది. నా పేరు అడిగింది, రాశాను. జంతువు పేరు అడిగింది. ఏమీ రాయకుండా కిందికి పోబోతే ఆ గడి చుట్టూ ఎర్రగీత పడింది, అక్కడినుంచి అది ముందుకు కదల్లేదు.